ఎదుటి మనిషి చేతికే బంతి

మే నెలలో టెన్నిస్ శిబిరమంటే పిల్లలు రోజంతా ఆడతారని అనుకున్నాను. వరంగల్‌లో పుట్టి పెరిగినదాన్ని, ఎండ సంగతి తెలియనిదాన్ని కాదు. అయినా అలాగే అనుకున్నాను. హన్మకొండలోని హాస్టల్‌కు బట్టల సంచీతో వెళ్ళిన మర్నాటికే అర్థమైంది. ఆట పొద్దున్నే కొంత, పొద్దువాలాక కొంత. మధ్యలో మిగిలినదంతా ఖాళీ. ఎనిమిది దాటిందంటే కోర్టు మట్టి వేడి బూట్ల అడుగుల్లోంచి కూడా తగిలేది. ఆ తర్వాత స్నానాలు, టిఫిను, అన్నం. ఆపైన సాయంత్రం దాకా ఆడపిల్లలందరం ఒకే హాల్లో, ఇనుప మంచాల మీద.

హాలుకు ఒక్కటే కూలర్. దాని ముందు మంచాలు ముందుగా వచ్చినవాళ్ళవి. కరీంనగర్ పిల్లలు, ఖమ్మం పిల్లలు అంతకుముందే పోటీల్లో కలుసుకున్నవాళ్ళు. ఒకే మంచం మీద ఇద్దరేసి చేరి, చెవికొక తీగ పెట్టుకుని పాటలు వింటూ నిద్రపోయేవాళ్ళు. నా మంచం అవతలి చివర, నీళ్ళ డ్రమ్ము పక్కన. అప్పటికి నాకు పద్నాలుగేళ్ళు. ఇంటికి దూరంగా ఉండటం అదే మొదటిసారి. దూరం అనడం కూడా తప్పే. కొత్తవాడలోని మా ఇంటినుంచి ఆ హాస్టల్‌కు సిటీ బస్సులో వెళ్ళిపోవచ్చు. అక్కడున్న అందరిలో ఇల్లు దగ్గరున్నది నాకే. అందుకేనేమో, నన్ను చూడటానికి ప్రత్యేకంగా రావాలని మావాళ్ళకు తోచలేదు.

అన్నాలయ్యాక వార్డెన్ మేడం పిల్లల ఫోన్లు పిల్లలకు ఇచ్చేది. నాకు ఫోన్ లేదు గనక తన ఫోన్ ఇచ్చేది. మా బాపు మరమగ్గాల మీద పనిచేసేవాడు. మేం వాటిని సాంచలంటాం. ఎప్పుడు ఫోన్ చేసినా ఎత్తేవాడు. కాని ఆ మోతలో నా గొంతు ఆయనకు వినబడేది కాదు.

“బాపూ, ఈయాల సార్ నన్ను మెచ్చుకున్నడు.”

“ఆఁ, తిన్న తిన్న. నువ్వు తిన్నవా?”

“తిన్న గని, బాపూ...”

“మంచిగుండు బిడ్డా. పోగు తెగింది, పెట్టేస్తాన్న.”

నేనేం అడిగి ఉంటానని ఆయన అనుకునేవాడో దానికే జవాబు చెప్పేవాడు. మేడంకు ఫోన్ తిరిగి ఇచ్చేసి, మంచం దగ్గరికి వచ్చి పుస్తకం తెరిచేదాన్ని. మా పేట గ్రంథాలయంలో బాపు కార్డు మీద తెచ్చుకున్న పుస్తకాలు సంచీలో ఉన్నాయి. ఒకటి నక్షత్రాల గురించి, ఇంకొకటి మంచు ప్రదేశాలకు ఓడలో వెళ్ళినవాళ్ళ గురించి. బయట రేకుల షెడ్డు ఎండకు చిటపటమంటుంటే నేను మంచులో ఇరుక్కున్న ఓడతోపాటు కూర్చునేదాన్ని. ఆ ఓడలో మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి ఏమీ మిగలక రోజుల తరబడి ఊరుకుండిపోయారని ఒకచోట ఉంది. ఆ పేజీ చాలాసార్లు చదివాను.

ఇదంతా ఎందుకు ఓర్చుకున్నానంటే, నాకు అక్కడ ఒకటి కావాలి. మొదటి రోజే కోచ్ సార్ మమ్మల్ని నెట్ దగ్గర కూర్చోబెట్టి చెప్పారు. శిబిరం అయిపోయాక ఆడపిల్లల్లో ఒకరిని, మగపిల్లల్లో ఒకరిని ఏడాదంతా ఇక్కడే ఉంచుకుంటారు. హాస్టలు, కోచింగు, బడి అన్నీ వాళ్ళే చూస్తారు. చివరి వారం మ్యాచ్‌లలో మిగిలినవాళ్ళకు ఆ సీటు. నా చేతిలోని రాకెట్ మా సర్కారు బడిది. శిబిరం కాగానే అది పీఈటీ మేడం బీరువాలోకి వెళ్ళిపోతుంది. తర్వాత ఎప్పుడైనా మేడం దయతలిస్తే బీరువా తెరుస్తుంది, నేను బడి వెనకాల గోడకు కొట్టుకుంటాను. ఎదురుగా మనిషి ఉంటే ఆట ఎలా ఉంటుందో చూశాక గోడ దగ్గరికి తిరిగి వెళ్ళాలనిపించలేదు.

నాకు టెన్నిస్ నేర్పింది ఒక పుస్తకం, ఒక గోడ. పుస్తకం గ్రంథాలయంలో అట్ట ఊడినవన్నీ పడేసే మూలలో దొరికింది. ఎవరు రాశారో చెప్పే పేజీ లేదు, వెనక సగం లేదు. రాకెట్ ఎలా పట్టుకోవాలి, కాళ్ళు ఎక్కడ పెట్టాలి, బంతి మీద చూపు ఎంతసేపు ఉంచాలి, గోడ మీద ఎలా సాధన చేయాలి, అంతవరకే ఉంది. చేత్తో గీసిన బొమ్మలు. ప్రతి బొమ్మలోనూ ఒక్కడే మనిషి, ఎదుట ఎవరూ ఉండరు. ఫోన్‌లో చూసి నేర్చుకోవచ్చు గదా అని తర్వాత చాలామంది అడిగారు. మా ఇంట్లో ఉన్నది మీటల ఫోన్. స్మార్ట్‌ఫోన్ ఉన్నా కూడా నేను పుస్తకాన్నే నమ్మేదాన్నేమో. ఏది తెలిసినా పుస్తకంలోంచే తెలుసుకున్నదాన్ని, దాని మీద నాకు గురి ఎక్కువ, కొంచెం గర్వం కూడా.

ఆ సగం పుస్తకంతో బడి గోడ మీద రెండేళ్ళు కొట్టాను. గోడకు నేను ఎలా ఇస్తే అది నాకు అలాగే ఇచ్చేది. వంకరగా కొడితే వంకరగా పోయేది, వెతుక్కోవలసి వచ్చేది. తిన్నగా, ఒకే చోట కొడితే తిన్నగా వచ్చేది. ఆట ఆగకుండా సాగేది. ఆగకుండా సాగడమే బాగా ఆడటమని నాకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. సెలవుల్లో బాపు పక్కన నిలబడి సాంచలు చూడటం నా పని. అడ్డపోగును మోసే నాడె అటు పోతుంది, ఇటు వస్తుంది. ఎక్కడైనా పోగు తెగితే సాంచ ఆపాలి, ముడి వేయాలి, మళ్ళీ నడపాలి. తెగిన ప్రతిసారీ బాపు మొహం చిన్నబోయేది. తెగకుండా పూట గడిస్తే ఆ సాయంత్రం మా ఇంట్లో అందరూ కులాసాగా ఉండేవాళ్ళు. నా చెయ్యి రాకెట్ పట్టుకోకముందే ఇది నేర్చుకుంది.

అందుకే శిబిరంలో తొలి పొద్దున నన్ను ఒక అమ్మాయి ఎదుట నిలబెట్టి కొట్టమంటే, కొడుతూనే ఉన్నాను. బంతి ఆమె దగ్గరికి వెళ్తుంది, నా దగ్గరికి వస్తుంది. పక్క కోర్టుల్లో పిల్లలు ఆగి చూశారు. సార్ ఈల వేసి ఆపేదాకా మా బంతి కింద పడలేదు. “ఎవలు నేర్పిన్రు బిడ్డా?” అని అడిగారు. పుస్తకం అంటే నవ్వుతారేమోనని ఊరుకున్నాను. మధ్యాహ్నం బాపుకు చెప్పబోయిన మెచ్చుకోలు అదే.

ఆ వారంలోనే నాకు ‘గోడ’ అని పేరు పెట్టారు. వెక్కిరింపు కాదు. పొద్దున్నే నా కోసం పోటీ పడేవాళ్ళు. “ఈయాల గోడ నాకు”, “నిన్న నువ్వే తీస్కున్నవ్ గద, నాకియ్యి” అని. ఎలాంటి బంతి కావాలంటే అలాంటిది ఇచ్చేదాన్ని. వాళ్ళ బ్యాక్‌హ్యాండ్లు నా ఎదుటే కుదురుకున్నాయి. సాధన అయిపోగానే వాళ్ళు తువ్వాళ్ళు భుజాన వేసుకుని జట్టుగా వెళ్ళిపోయేవాళ్ళు. నేను బంతులు ఏరి బుట్టలో వేసి వెనకాల వెళ్ళేదాన్ని.

మొదటి మ్యాచ్‌లో నాకంటే చిన్నపిల్ల చేతిలో ఓడిపోయాను. సార్ కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నారు. చుట్టూ నలుగురైదుగురు పిల్లలున్నారు.

“బిడ్డా, బంతిని ఆమె చేతికెందుకు ఇస్తానవ్? ఆమె లేని కాడ ఎయ్యాలె.”

“ఆమె లేని కాడ ఏస్తే ఆట ఆగిపోతది గద సార్.”

పిల్లలు పకపకా నవ్వారు. సార్ కూడా నవ్వు ఆపుకోలేకపోయారు. “ఆగిపోవుడే గెలుసుడు. ఈడ తెంపినోల్లదే ఆట, అతికినోల్లది కాదు” అన్నారు. మా బాపు పని సంగతి ఆయనకు తెలియదు. తెలియకుండానే ఆ మాట వాడారు. నాకు మాత్రం ఆ రోజంతా అది గుండెలో గుచ్చుకుంటూనే ఉంది.

తర్వాత నాకు ప్రత్యేకంగా సాధన పెట్టారు. అవతలి కోర్టులో రెండు మూలల్లో పాత బకెట్లు బోర్లించి, వాటిని కొట్టమన్నారు. కొట్టాను. ఎడమది అంటే ఎడమది, కుడిది అంటే కుడిది. “మరి నీకు రానిదేంది?” అని సార్ తల పట్టుకున్నారు. బకెట్ల మధ్యలో మనిషిని నిలబెట్టగానే నా బంతి బకెట్‌ను వదిలేసి మనిషి దగ్గరికి వెళ్ళేది. ఎవరూ లేనప్పుడు ఖాళీ చోటు నాకు కనబడేది. మనిషి వచ్చాక ఆ మనిషే కనబడేది.

చాలా ఏళ్ళకు పెద్ద గ్రంథాలయంలో అదే పుస్తకం మొత్తం దొరికింది. అక్కడే నిలబడి వెనక సగం చదివాను. అందులో బొమ్మలకు ఇద్దరేసి మనుషులున్నారు. ఒకరికొకరు ఎంత దూరంగా ఉండాలో చుక్కల గీతలతో చూపించారు. నేను చదవాల్సిన వయసు దాటిపోయాక చదివాను.

కేసముద్రం అమ్మాయి నా మంచం దగ్గరికి వచ్చింది ఆ బకెట్ల సాధన రోజుల్లోనే. వాళ్ళ నాయిన అక్కడి మార్కెట్ యార్డులో పత్తి, మక్కజొన్నలు కొనే వ్యాపారి. ఆమెకు మంచి రాకెట్లు రెండున్నాయి, కూలర్ ముందు మంచం ఉంది. గొంతు పెద్దది, కోపం త్వరగా వచ్చేది. అందుకేనేమో ఆమెకూ దగ్గరివాళ్ళెవరూ లేరు.

“గంత సేపు ఏం సదువుతానవే?”

“మంచుల ఓడ ఇరుక్కుంది. మనుషులు దిగి నడుస్తాన్రు.”

“బతికిన్రా?”

“ఇంకా గంత దూరం రాలే.”

“సదువుడు నాతోని గాదు. నువ్వు సదివి చెప్పు, నేనింట.” అని నా కాళ్ళ దగ్గర చోటు చేసుకుని పడుకుంది.

అప్పటినుంచి మధ్యాహ్నాలు కొంచెం చిన్నవయ్యాయి. ఆమె కూలరు వదులుకుని నా మూలకు వచ్చేది. ఓడ మనుషులు ఒక్కొక్కరే ఎలా బయటపడ్డారో చెప్పేదాన్ని. టెన్నిస్‌లో పదిహేను, ముప్పై, నలభై అని ఎందుకు లెక్కపెడతారో చెప్పాను. గడియారం ముల్లుతో లెక్కపెట్టేవాళ్ళని కొందరంటారు గాని రుజువు లేదని కూడా చెప్పాను. “రుజువు లేకపోతే నాకెందుకు చెప్తానవే?” అంది. “రుజువు లేదన్న సంగతి గూడ తెల్వాలె గద” అన్నాను. “నీకు సార్ల తీర్గ మాట్లాడుడు బాగ వచ్చు” అని నా తలగడ లాక్కుని కింద పెట్టుకుంది. అలా నా వస్తువు ఒకటి అడగకుండా తీసుకున్న మనిషి అక్కడ ఆమె ఒక్కతే.

ఆమెకూ ఆ సీటు కావాలి. దాచుకోలేదు, నాకు ముందే చెప్పింది. “మా బాపు ఇదే ఆఖరు అన్నడు. సీటు రాకపోతే టెన్త్ ట్యూషన్లు, ఆట బంద్.” నేను కూడా నా బీరువా సంగతి చెప్పాను. తర్వాత ఆమె, “ఎవలకొచ్చినా ఇంకొకలు ఏడ్వొద్దు” అంది.

ఆదివారాలు తల్లిదండ్రులు వచ్చేవాళ్ళు. మెట్ల మీద, చెట్ల కింద టిఫిన్ డబ్బాలు తెరుచుకునేవి. మామిడికాయ పప్పు వాసన, సకినాలు, మక్క గారెలు. కేసముద్రం అమ్మాయి వాళ్ళమ్మ నన్ను కూడా పిలిచి పెట్టేది. “మీ ఇల్లు ఈడనే అంటివి గద బిడ్డా, మీ అమ్మానాయినలు రారా?” అని ప్రతిసారీ అడిగేది. ఆదివారం సాంచలకు నూనె పెట్టి దూది దులిపే రోజని చెప్పేదాన్ని. అది నిజమే. అమ్మ నూలు కండెలు చుట్టేది, ఆ పనికి ఆదివారం కూడా లేదు. అదీ నిజమే. ఆ రెండు నిజాలు చెప్పి ఇంకో గారె తీసుకునేదాన్ని.

చివరి వారం వచ్చింది. నేను ఓడిపోతానని అందరూ అనుకున్నారు. కాని ఎండలో, పొడి మట్టి మీద, నా బంతి ఎప్పటికీ తెగకపోయేసరికి అవతలివాళ్ళే విసిగి బయటకు కొట్టుకునేవాళ్ళు. వాళ్ళ తప్పులతోనే నేను గెలుస్తూ వచ్చాను. చివరికి ఇద్దరం మిగిలాం, కేసముద్రం అమ్మాయి, నేను. మా మ్యాచ్‌కు ముందురోజు మధ్యాహ్నం ఆమె నా మంచం దగ్గరికి రాలేదు. వస్తే ఏం మాట్లాడుకోవాలో ఇద్దరికీ తెలియదు.

ఆ ఆదివారం సాయంత్రం అందరి తల్లిదండ్రులూ ఉన్నారు. ఆట మొదలయ్యే ముందు గేటు దగ్గర మా బాపు కనిపించాడు. ట్రాన్స్‌ఫార్మర్ పాడై వాడలో రెండు రోజులుగా కరెంటు లేదట, నూనె పెట్టడం, దులపడం ముందే అయిపోయాయట. ఉతికిన చొక్కా వేసుకొచ్చాడు గాని చెవుల వెనక దూది అలాగే ఉంది. సిమెంటు మెట్ల మీద, అందరికీ కొంచెం ఎడంగా కూర్చున్నాడు.

ఒక్క సెట్ మ్యాచ్. ఆమె బలంగా కొట్టేది, తప్పులూ చేసేది. నేను ఇస్తూ పోయాను. ఐదు నాలుగు నాది. ఆ గేమ్‌లో నలభై ముప్పై. ఇంకొక్క పాయింట్ వస్తే సీటు నాది. అది నాకు తెలుసు, ఆమెకు తెలుసు, మెట్ల మీద కూర్చున్న అందరికీ తెలుసు.

బంతి చాలాసేపు నడిచింది. ఆమె ఎడమ మూలకు పరిగెత్తి, అందీ అందకుండా కొట్టి, పొడి మట్టి మీద జారి పడిపోయింది. బంతి నెమ్మదిగా, పైకి లేచి, నా కోర్టు మధ్యలోకి వచ్చింది. అవతల కుడివైపంతా ఖాళీ. పసిపిల్ల కొట్టినా పాయింటే. నాకు టైమ్ ఉంది. ఆ ఖాళీ నేను చూశాను. చూడలేదని ఎప్పుడూ చెప్పను. మోకాలి మీద లేస్తున్న ఆమెను కూడా చూశాను. రాకెట్ ఊపాను. బంతి నేరుగా ఆమె దగ్గరికి వెళ్ళింది.

ఆమె కూర్చున్న చోటునుంచే రాకెట్ అడ్డం పెట్టింది. బంతి నేను లేని చోట పడింది.

మెట్ల మీద ఎవరో చప్పట్లు కొట్టారు. అవి ఆమె కోసం కాదు, నా కోసం. ఆమె మోకాలికి అంటిన మట్టి దులుపుకోకుండా నా వైపే చూసింది. ఆ చూపు తర్వాత ఆమె తప్పులు చేయడం మానేసింది. ఆ గేమ్ తనది, తర్వాత రెండూ తనవే. ఏడు ఐదు.

నెట్ దగ్గర చెయ్యి కలిపేటప్పుడు వేళ్ళు మాత్రం తగిలించింది.

“ఎవలడిగిన్రే నిన్ను? పడ్డ అని జాలి చూపిస్తవా?”

“జాలి గాదే. నా చెయ్యి గట్లనే పోయింది.”

“గంత ఖాళీ ఉంటే పడ్డదాని మీదికి పోతదా? అబద్ధాలు జెప్పకు.”

వెళ్ళిపోయింది. ఆమె వెనక వాళ్ళమ్మ వచ్చి నా తల నిమిరి, “ఎంత మంచి మనసు బిడ్డా నీది” అంది. ఇంకెవరో తల్లి తన కూతురికి నన్ను చూపించింది. సార్ దగ్గరికి వచ్చి, “మంచితనం మంచిదే గని ఈడ కాదు” అని మెల్లగా అన్నారు. నేను చేయని మంచిపని ఒకటి అందరూ తలా ఒకచోట నాకు తగిలించి వెళ్తున్నారు. కాదని చెప్పబోతే అది కూడా మంచితనంలోకే పోతోంది. అంతమంది మధ్యలో, నాకు జరిగింది ఏమిటో తెలిసిన మనిషి ఒక్కరూ లేరు.

సంచీ సర్దుకుని బాపు బండి ఎక్కాను. హంటర్ రోడ్డులో మిర్చి బజ్జీల బండి దగ్గర ఆయన ఆపాడు.

“మంచిగ ఆడినవ్ బిడ్డా. గంత సేపట్ల ఒక్కటి గూడ తెగనియ్యలే” అన్నాడు.

“ఓడిపోయిన బాపూ.”

చేతిలోని బజ్జీ అలాగే పట్టుకుని నా మొహం చూశాడు. “అట్లనా” అన్నాడు. బజ్జీ తుంచి నాకిచ్చి, “నాకు గెలిచినట్టే అనిపిచ్చింది” అన్నాడు. నవ్వొచ్చింది. ఆపైన ఏడుపూ వచ్చింది. ఆయన బజ్జీ కారమనుకుని నీళ్ళు తెచ్చాడు.

జూన్‌లో బడి తెరిచారు. రాకెట్ బీరువాలోకి వెళ్ళింది. ఒక వారానికే పీఈటీ మేడం నన్ను పిలిచి, కోచ్ సార్ ఫోన్ చేశారని చెప్పింది. సీటు వచ్చిన అమ్మాయికి రోజూ ఎదుట నిలబడి కొట్టేవాళ్ళు కావాలి. నేను సాయంత్రాలు వచ్చి కొట్టగలనా అని. రాకెట్ వాళ్ళే ఇస్తారు, బస్ పాస్ కూడా. “ప్లేయర్ లెక్క గాదు, పార్ట్‌నర్ లెక్క” అని మేడం స్పష్టంగా చెప్పింది. నేను ఒప్పుకోవడానికి ఒక్క క్షణం కూడా పట్టలేదు. మేడం ఆ తొందర చూసి జాలిపడిందనుకుంటాను.

అలా మళ్ళీ అదే కోర్టులో, అదే అమ్మాయి ఎదుట నిలబడ్డాను. ఆమె నాతో మాట్లాడలేదు. “ఫోర్‌హ్యాండ్” అనేది, ఇచ్చేదాన్ని. “ఎత్తు” అనేది, ఎత్తి ఇచ్చేదాన్ని. వేరే మాట లేదు. సాధన కాగానే హాస్టల్ మెట్లెక్కి వెళ్ళిపోయేది. వేసవిలో పిల్లలతో నిండిన హాలు ఇప్పుడు దాదాపు ఖాళీ. ఆమె కిటికీలో ఒక్కతే కనిపించేది, నేను బస్టాపులో ఒక్కదాన్నే నిలబడేదాన్ని. ఇద్దరికీ మధ్య రోడ్డే ఉంది. ఆదివారం మధ్యాహ్నాలు ఆమె ఎలా గడుపుతోందోనని ఆలోచించేదాన్ని. మంచు ఓడ కథ పూర్తిగా చెప్పనేలేదు, చివరి మనుషులు ఒడ్డుకు చేరడం మిగిలిపోయింది.

వానలు ముదిరే ముందు ఒక సాయంత్రం సార్ మగపిల్లల కోర్టుకు వెళ్ళారు. మేమిద్దరం కొడుతున్నాం. ఉన్నట్టుండి ఆమె బంతిని నాకు పంపి, తన చోటు వదిలేసి ఎడమ కంచె దగ్గరికి వెళ్ళి నిలబడింది. కోర్టంతా ఖాళీ. నా బంతి కంచె దగ్గరికి వెళ్ళింది. అది నాకు తిరిగి పంపి కుడి కంచె దగ్గరికి పరిగెత్తింది. బంతి అక్కడికీ వెళ్ళింది. ఈసారి గీత దాటి, వెనక నీళ్ళ ట్యాంకు పక్కన, కోర్టు కాని చోట నిలబడింది. అక్కడికి కొడితే అవుటని ఎవరికైనా తెలుసు. నా బంతి గీత దాటి, ఒకసారి నేల తాకి, సరిగ్గా ఆమె నడుము ఎత్తున ఆమె దగ్గరికే వెళ్ళింది.

ఆమె కొట్టలేదు, ఎడమచేత్తో పట్టుకుంది. బంతిని చూసింది, నన్ను చూసింది.

“ఏందే ఇది? యాడ నిలవడ్డా నా దగ్గర్కే వస్తాంది.”

“చెప్పిన గద.”

“అంటే గా దినం గూడ...”

“ఆఁ.”

నెట్ దగ్గరికి నడిచి వచ్చింది. ముక్కు మీద చెమట. “జాలి అనుకుని నేను నిన్ను ఎంత తిట్టుకున్ననో తెలుసా? దినాం పండుకునేటప్పుడు ఒక తిట్టు” అంది. తర్వాత, “నీది జాలి గాదే, రోగం” అంది. ఇద్దరం నవ్వాం. ఎవరైనా దూరం నుంచి చూస్తే ఎందుకు నవ్వుతున్నామో తెలిసేది కాదు. నాకు మాత్రం, సీటు పోయిన రోజున మీద పడ్డ మంచితనమంతా ఆ ఒక్క మాటతో దిగిపోయింది.

అక్కడే మట్టిలో కూర్చుని ఓడ కథ ముగించాను. అందరూ బతికారని చెప్పాను. “మొదాలే చెప్తే అయిపోవు గద” అంది.

అయితే ఎదురుగా నేను ఉండటం వల్ల ఆమె ఆట వేగంగా పెరిగింది. దసరా సెలవులకు ముందే హైదరాబాద్‌లోని పెద్ద శిక్షణ కేంద్రం వాళ్ళు ఆమెను తీసుకుంటామన్నారు. ఆమె నాకు చెప్పేముందు రాకెట్ పట్టీని చాలాసేపు చుట్టుతూ, విప్పుతూ కూర్చుంది. “నువ్వు గూడ వస్తే బాగుండు” అంది. రాలేనని ఇద్దరికీ తెలుసు. నేను ఎదుట నిలబడేదాన్ని, ముందుకు వెళ్ళేదాన్ని కాను. ఆమె తర్వాత కూడా చాలామంది పిల్లలు నా ఎదుట నేర్చుకుని వెళ్ళిపోయారు. డిగ్రీ అయ్యాక కూడా ప్రతి మే నెలలో అక్కడికి వెళ్తున్నాను. మధ్యాహ్నాలు ఇప్పటికీ పొడుగే. సంచీలో గ్రంథాలయం పుస్తకం ఉంటుంది.

ఆమె వెళ్ళే ముందు సాయంత్రం చివరిసారి కొట్టాం. సార్ పక్కనే నిలబడి ఎప్పటిలాగే, “తెంపు బిడ్డా, తెంపు. ఖాళీ చూడు” అని అరుస్తున్నారు. ఆమె తెంపలేదు. ఆమెకు తెంపడం వచ్చు, అందరికంటే బాగా వచ్చు. అయినా ఆ సాయంత్రం ప్రతి బంతీ నా చేతికే పంపింది. నేను ఆమె చేతికి పంపాను. సార్ అరిచి అరిచి ఊరుకున్నారు. పొద్దు గుంకి బంతి కనబడకుండా పోయేదాకా అది అటు పోతూ, ఇటు వస్తూనే ఉంది.

మర్నాడు నా ఎదుట ఇంకొక పిల్ల నిలబడింది. బంతి ఆ పిల్ల దగ్గరికి వెళ్ళింది.